కొసరు మాట

2024 వేసవి సెలవులలో మా ఇంట్లో మిక్సీ కొనవలసి వచ్చింది. పాతది పదకొండేళ్లు నమ్మకంగా పనిచేసి, ఒకనాడు అల్లం వెల్లుల్లి నూరుతూ నూరుతూ పెద్ద శబ్దం చేసి కన్ను మూసింది. మా ఆవిడా నేనూ హైదరాబాదు వెళ్లి ఒక పెద్ద దుకాణంలో అడుగుపెట్టాము. దాని పేరు చెప్పను. చెప్పినా మీకు కలిగే లాభం లేదు; అటువంటివి వీధికి రెండున్నాయి.

వాకిట్లో నిలబడ్డ మనిషి మాకు సలాము చేశాడు. ఒక అమ్మాయి చల్లని నీళ్లు తెచ్చి ఇచ్చింది. మరొకబ్బాయి రెండు చేతులూ జోడించి, నవ్వు చెదరకుండా, మమ్మల్ని లోపలికి తీసికొని వెళ్లాడు. మా పెళ్లిలో కూడా నాకు అంత మర్యాద జరిగినట్టు జ్ఞాపకం లేదు. మా ఆవిడ ఒక మిక్సీని అటూ ఇటూ తిప్పి చూచి, "ఇది ఇడ్లీ పిండి రుబ్బుతుందా?" అని అడిగింది.

"అన్నీ రుబ్బుతుంది మేడమ్" అన్నాడతను, అదే నవ్వుతో.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం మినప్పప్పు సగం నలిగిందో లేదో, మోటారు వేడెక్కి ఆగిపోయింది. ఆ వేళ మా ఇంట్లో ఇడ్లీలు లేవు గాని వేడికి మాత్రం కొదువ లేదు. ఫోను చేస్తే, నా ఫోను వారికి ఎంతో విలువైనదని ఒక గొంతు చెప్పింది. ఒకటి నొక్కమన్నది, నొక్కాను. నాలుగు నొక్కమన్నది, నొక్కాను. తరువాత సంగీతం వినిపించింది. ఐదోనాటికి మెకానిక్ వచ్చాడు. విప్పి చూచి, "దీని మోటారు చిన్నది సార్. చట్నీలకూ పొడులకూ బాగుంటుంది. వారం వారం ఇంత పిండి రుబ్బితే తట్టుకోదు. కొన్నప్పుడు వాళ్లు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. నీళ్లిచ్చారు, నవ్వారు, దండం పెట్టారు. చెప్పవలసిన ఆ ఒక్క మాటా చెప్పలేదు.

మా ఆవిడ పిండి గిన్నె ఎత్తుకుంటూ, "మీ దోమ సేటు అయితే మనకు దీన్ని అమ్మేవాడే కాదు" అన్నది.

ఆమె ఆ సేటును చూచింది తక్కువ. నేను చెప్పగా విన్నది ఎక్కువ. మీకూ చెబుతాను.

దోమ అంటే నవ్వకండి. అది మా ఊరి పేరు. నేను హాస్టలులో చేరిన కొత్తలో, హాజరు పుస్తకంలో నా ఊరి పేరు చూచి, తోటి పిల్లలు నన్ను "మలేరియా" అని పిలిచేవారు. పరిగికి దగ్గర మా ఊరు, ఇప్పుడు మండల కేంద్రం. నా చిన్నతనంలో రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. ఆ జిల్లాలో ఒక పక్క మూసీ పుట్టిన అనంతగిరి కొండలు, మరొక పక్క తాండూరు. మీ ఇళ్లలో పరచుకున్న నాపరాళ్లలో కొన్నయినా తాండూరు గనులవే అయి ఉంటాయి. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వేసిన రైలుమార్గం తాండూరు, వికారాబాదుల మీదుగానే పోతుంది. రాయీ కందీ ఆ దారినే దేశం మీదికి వెళ్లాయి. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వార్త పత్రికలో చదివిన రోజున నాకు మొదట జ్ఞాపకం వచ్చినది పప్పు కాదు. మా ఊరి సేటు.

ఆయన దుకాణం రెండు అంకణాల పెంకుటిల్లు. ముందు ఒక చెక్క గద్దె, పైన వేలాడే తరాజు, దూలానికి కట్టిన పురికొస ఉండ, లోపలినుంచి బెల్లమూ కిరసనాయిలూ కలిసిన వాసన. గద్దె పక్కనే ఎర్రగుడ్డ అట్ట వేసిన ఉద్దెర పుస్తకం. సేటు నవ్వగా నేను చూడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గాని, ఆయన నోరు అంత మంచిదేమీ కాదు. పొద్దున్నే పోతే, "ఏం పిలగా, పండ్లు తోముకున్నవా?" అని గదమాయించేవాడు. అయినా ఊళ్లో ఉన్న మూడు దుకాణాలలో పిల్లలందరం అక్కడికే పరుగెత్తేవాళ్లం. కారణం కొసరు. ఏది కొన్నా, పొట్లం కట్టిన తరువాత మా చేతిలో నాలుగు పుట్నాలో, చిటికెడు బెల్లపు పలుకో పెట్టేవాడు. అసలు కన్నా కొసరు ముద్దు అన్న సామెత నాకు తెలుగు పండితులు నేర్పినది కాదు. ఆ గద్దె దగ్గర నాలుక నేర్చుకున్నది.

పెద్దవాళ్లకు ఆయన ఇచ్చే కొసరు వేరు. అది మాట.

ఒకసారి మా అమ్మ నన్ను పావుకిలో పసుపు కోసం పంపింది. సేటు తూచబోయి ఆగి, "నిన్న మీ అక్క వచ్చి పసుపు తీస్కపోయింది గదరా. మీ అమ్మకు ఎర్కనా? అడిగి రాపో" అన్నాడు. పోయి అడిగితే నిజమే. అక్క తెచ్చి అటక మీద పెట్టి చెప్పడం మరచింది. పావుకిలో పసుపు బేరం ఆయన చేతులారా పోగొట్టుకున్నాడు. మరొకసారి నూనె సీసా చేతికి ఇస్తూ, "బిరడా వదులైంది, మెడ పట్టుకొని నడువు" అన్నాడు. నేను మెడ పట్టుకోలేదు. తరువాతి కథ మా అమ్మ చెప్పవలసినదే గాని నేను చెప్పేది కాదు.

ఇవన్నీ చిన్న సంగతులు. అసలు సంగతి కందుల దగ్గర వచ్చింది.

నేను అప్పుడు ఏడో తరగతి. మాకు నాలుగెకరాల చెలక. ముందటి యేడు దాన్నిండా కందే వేస్తే, పూతకు వచ్చే వేళకు అక్కడొక సాలు, ఇక్కడొక సాలు పసుపుపచ్చగా మారి ఎండిపోయింది. దాన్ని ఎండు తెగులంటారు. మందు చల్లితే పోయేది కాదు. దాని శిలీంధ్రం నేలలోనే దాగి ఉండి, అదే చేలో మళ్లీ కంది వేస్తే మళ్లీ లేస్తుంది. మా నాన్నకు ఈ శాస్త్రం తెలియదు. ఆయనకు తెలిసినదల్లా, అక్క పెళ్లికి చేసిన అప్పు తీరాలంటే కందే దిక్కు అని. విత్తనానికి దాచిన కందులు కూడా ఆ పెళ్లిలోనే పప్పయిపోయాయి. అందుచేత మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే నన్ను వెంటబెట్టుకొని సేటు దగ్గరకు వెళ్లాడు. సేటు తాండూరు గంజికి కందులు తోలేవాడు. వానాకాలం ముందు విత్తనాలూ తెచ్చి అమ్మేవాడు.

"సేటూ, కంది ఇత్తనాలు గావాలె. ఉద్దెర రాసుకో" అన్నాడు నాన్న.

సేటు పుస్తకం తీయలేదు. "ఏ చేన్లకు తమ్మీ?" అని అడిగాడు.

"ఏ చేనున్నది నాకు? ఆ చెలకకే."

"నిరుడు ఎండువోయిన చెలకకేనా? ఇయ్య."

నాన్న ముఖం ఎర్రబడింది. "పైసలు ఎగగొడ్తననుకుంటున్నవా?"

"పైసల మాట ఎవడన్నడు? ఆ భూమిల ఈ యేడు కంది నిలువది. జొన్న వెయ్యి. రెండేండ్లు జొన్న వేసి మళ్ల కంది వెయ్యి. జొన్న ఇత్తనాలు కావాలంటే ఇప్పుడే తూస్త."

దుకాణం ముందు నలుగురున్నారు. ఆ నలుగురిలో మా నాన్న పరువు పోయింది. జొన్న అమ్మితే అక్క పెళ్లి అప్పు తీరదు. నాన్న నా రెక్క పట్టుకొని గిరుక్కున తిరిగాడు. ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదు. కందులున్న కోమటి లేనివాడికి ఇవ్వడని నాన్న, ఆయన చెప్పిందాంట్లో ఏదో ఉన్నదని అమ్మ, ఆ రాత్రి చాలా సేపు వాదించుకున్నారు. మర్నాడు నాన్న మరొక ఊళ్లో, మరొక దుకాణంలో, నగదుకు విత్తనాలు కొనుక్కొచ్చాడు. ఆ నగదు అమ్మ చెవుల కమ్మలు కుదువపెట్టగా వచ్చింది. అక్కడ ఎవరూ ఏ చేనికి అని అడగలేదు. నవ్వి, తూచి, ఇచ్చారు.

ఐతే అమ్మ పట్టుబట్టి ఒకటిన్నర ఎకరాలో మాత్రం జొన్న వేయించింది. విత్తనం నన్ను పంపి సేటు దగ్గరే తెప్పించింది, నాన్నకు చెప్పలేదు. సేటు జొన్నలు తూచి, నా చేతిలో పుట్నాలు పెట్టి, "మీ నాయిన కోపం తగ్గిందా?" అని మాత్రం అడిగాడు.

కార్తికం వచ్చేసరికి కంది చేను సగానికి పైగా ఎండింది. జొన్న నిలబడింది. ఆ యేడు మేము తిన్నది ఆ జొన్న రొట్టెలే. కమ్మలు విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

మా నాన్న ఒక సాయంత్రం సేటు దుకాణానికి వెళ్లాడు. నేను వెనుకనే ఉన్నాను. క్షమించమని అడగలేదు, మా నాన్నకు ఆ మాటలు రావు. రూపాయి బెల్లం అడిగాడు. సేటు తూచి ఇచ్చాడు. "కంది చెత్త చేన్ల ఉంచకు, వేరుతోని పీకి కాలబెట్టు" అన్నాడు. నాన్న తల ఊపాడు. తరువాత రెండేళ్లు మా చెలకలో జొన్నే. ఆ తరువాతనే కంది.

ఇన్నేళ్లకు, మిక్సీ పుణ్యమా అని, ఆ సేటు నాకు మళ్లీ కళ్ల ముందు నిలబడ్డాడు. మా ఆవిడ ఊరుకోలేదు. "మీరు ఎం.ఏ. చదివారు గదా, వాళ్లకొక లేఖ వ్రాయండి" అన్నది. లేఖ వ్రాసేవాడికి చట్టం తెలియాలి గదా అని, వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చి చదివాను.

మన దేశంలో ఆ చట్టం మొదట 1986లో వచ్చింది. డిసెంబరు 24వ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకోవడం అందుకే. అంతకు ముందే, 1962 మార్చి 15న, అమెరికా అధ్యక్షుడు కెనడీ అక్కడి కాంగ్రెసుకు పంపిన సందేశంలో కొనేవాడికి నాలుగు హక్కులున్నాయన్నాడు: భద్రత, సమాచారం తెలియడం, ఎంచుకోవడం, చెప్పుకుంటే వినేవారుండడం. పాత చట్టం స్థానంలో మన 2019 చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. మా నాన్న వంటి రైతుకూ ఇందులో చోటున్నది. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, విత్తనాల చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి వెళ్లడానికి అడ్డు లేదని, అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులకూ జాతీయ విత్తన సంస్థకూ నడిచిన వ్యాజ్యంలో 2012 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంత వరకు బాగానే చదివాను. 'సేవలో లోపం' అంటే ఏమిటో చెప్పేచోట మాత్రం నా కళ్లు ఆగిపోయాయి. కొనేవాడికి తెలియవలసిన సమాచారాన్ని తెలిసి తెలిసి చెప్పకపోవడం కూడా లోపమేనని 2019 చట్టం అంటుంది. మా సేటుకు చదువు మూడో తరగతి. చట్టసభలకు ఇంతకాలం పట్టిన సంగతి ఆయన గద్దె మీద కూర్చుని ఏనాడో అమలుచేశాడు.

లేఖ వ్రాశాను. వారం తిరిగేసరికి దుకాణంవారు మిక్సీ మార్చి ఇచ్చారు. పెద్ద మోటారుకు అయిన తేడా మేమే కట్టుకున్నాము. మా ఆవిడ సంతోషించింది. నాకు మాత్రం ఆ వాక్యం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకో చెప్పడానికే ఇదంతా వ్రాస్తున్నాను.

2022లో మా కాలేజీలో ప్రవేశాల సమయం. డిగ్రీ సీట్లు ఇప్పుడు 'దోస్త్' అనే ఆన్‌లైను పద్ధతిలో ఇస్తారు. సీటు వచ్చిన పిల్లలు గడువులోగా కాలేజీకి వచ్చి కాగితాలు చూపాలి. కౌంటరు దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఎండ, రద్దీ, మాటిమాటికీ ఆగిపోయే కంప్యూటరు. ఒక తండ్రీ కూతురూ వచ్చారు. దోమ మండలంలోని పల్లెటూరు. మా ప్రాంతం వారని తెలిసినా ఊరు పేరెత్తి పలకరించే తీరిక నాకు లేకపోయింది. అమ్మాయికి బి.ఎస్సీ.లో జీవశాస్త్రం సీటు వచ్చింది. కాగితాలు చూచి, "ఆదాయ ధ్రువపత్రం లేదు. తీసికొని రండి. తరువాతి వారు!" అన్నాను.

వాళ్లు వెళ్లారు. మూడోనాడు ఆ పత్రం తీసికొని వచ్చారు. అప్పుడు చూస్తే టి.సి. జిరాక్సు కాపీ మాత్రమే ఉన్నది. అసలు కాగితం జూనియర్ కాలేజీలోనే ఉండిపోయింది. "అసలు టి.సి. కావాలి" అన్నాను. మొదటి రోజున కూడా ఆ జిరాక్సు నా చేతిలోనే ఉన్నది. చూచాను. కాని వాళ్లు అడిగింది "ఏం తక్కువున్నది సారూ?" అని, కంటికి మొదట కనిపించిన లోటు ఒకటి చెప్పి ఊరుకున్నాను. మర్నాటితో గడువు సరి అన్న సంగతి కూడా నేను చెప్పలేదు. గోడ మీద అంటించి ఉన్నది గదా అనుకున్నాను.

మళ్లీ వచ్చేసరికి ఒక రోజు దాటింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. సీటు పోయింది. ఆ తండ్రి నా మీద కోపపడలేదు. తువాలుతో ముఖం తుడుచుకొని, "మొదటి దినమే అన్నీ ఒక్కపారి చెప్తే అయిపోతుండె గద సారూ" అన్నాడు. మూడుసార్లు రెండేసి బస్సులు మారి వచ్చిన మనిషి. మూడు రోజుల పని పోగొట్టుకున్న మనిషి.

తరువాతి విడతలో ఆ అమ్మాయికి మా కాలేజీలోనే బి.ఏ. దొరికింది. తెలుగు అందరికీ ఉంటుంది గనుక నా తరగతికే వచ్చేది. రెండో బల్ల, కిటికీ పక్క. బాగా చదివేది. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆమె కూర్చునే వైపు చూచి నేను పాఠం చెప్పడం మాత్రం తగ్గింది. నాకు నేను సమాధానం చెప్పుకునేవాణ్ణి: నేను అబద్ధమాడానా? లంచమడిగానా? అడిగినదానికి జవాబు చెప్పాను గదా అని. మిక్సీ దుకాణంలో నవ్విన అబ్బాయి కూడా రాత్రి ఇంటికి పోయి అన్నం తింటూ ఇదే అనుకొని ఉంటాడు. అతను నవ్వాడు, నేను నవ్వలేదు, అంతే తేడా.

నేను తెలిసి తెలిసి దాచలేదు, నిజమే. చట్టం నన్ను పట్టుకోదు. సేటు మాత్రం పట్టుకునేవాడు.

ఆ యేడు దసరాకు దోమ వెళ్లాను. సేటు పోయి చాలా కాలమైంది. కొడుకు కూర్చుంటున్నాడు. తరాజు పోయి ఎలక్ట్రానిక్ కాంటా వచ్చింది. ఫోనుతో డబ్బు కడితే ఎంత ముట్టిందో చెప్పే పెట్టె ఒకటి గద్దె మీద అరుస్తూ ఉంటుంది. రెండు కిలోల కందిపప్పు అడిగాను.

"ఇప్పుడు అర్ధకిలో చాలు సార్" అన్నాడతను. "ఇది పోయినేటిది. సంక్రాంతికి కొత్త కంది వస్తది. అప్పుడు తీస్కపోండి."

నాకు నవ్వు వచ్చింది. వాళ్ల నాన్న మా నాన్నకు కందులు ఇవ్వని కథ చెప్పాను. అతను విని, "మా నాయిన గట్ల చెప్పి ఎన్ని గిరాకీలు పోగొట్టుకున్నడో సార్. మా అమ్మ రోజూ కొట్లాడేది" అన్నాడు.

"మరి పోయినవాళ్లు తిరిగి వచ్చేవారా?"

"కొందరు వచ్చిన్రు. కొందరు రాలే" అన్నాడు, అర్ధకిలో తూస్తూ.

ఆ జవాబు నాకు నచ్చింది. మంచి మాట చెబితే వ్యాపారం పెరుగుతుందని పుస్తకాలు వ్రాసేవారున్నారు. బ్యాంకులలో గాంధీగారి బొమ్మ కింద, కొనవచ్చినవాడు మన మీద ఆధారపడలేదు, మనమే అతని మీద ఆధారపడ్డామనే అర్థం వచ్చే వాక్యాలు అద్దం కట్టించి పెడతారు. అవి ఆయన అన్నట్టు ఆధారం దొరకలేదు. దాదాపు ఆ మాటలే 1941లో ఒక అమెరికను మోటారు కంపెనీ అమ్మకాల అధికారి పేర అచ్చయ్యాయి. ఎవరివైనా మంచి మాటలే. కాని మా సేటు లెక్క వేసి చెప్పినవాడు కాదు. ఎదుటివాడు మళ్లీ అంత దూరం నడిచి రావడం, మళ్లీ అంత నష్టపడడం ఆయన చూడలేకపోయాడు, అంతే.

2025లో ప్రవేశాలు మొదలయ్యే ముందు ఒక తెల్ల చార్టు కొని, పెద్ద అక్షరాలతో నేనే వ్రాశాను: ఏ ఏ కాగితాలు కావాలి, ఏది అసలుది, ఏది జిరాక్సు, ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, గడువు ఏనాడు. ప్రిన్సిపాలుగారు చూచి, గేటు దగ్గరే పెట్టించారు. కౌంటరు దగ్గర ఎవరొచ్చినా, అడిగినదానికి జవాబు చెప్పి, "ఆగండి, మిగతావి కూడా చూస్తాను" అనడం అలవాటు చేసికొన్నాను. వరుస పొడుగవుతుంది. వెనుకవాళ్లు గొణుగుతారు. మా తోటి లెక్చరర్లు నవ్వుతారు. అలవాటు కావడానికి నాకు వారం పట్టింది.

ఆ జూలైలో ఆ అమ్మాయి టి.సి. కోసం వచ్చింది. మూడేళ్ల చదువు అయిపోయింది. బి.ఇడి.కి పోతానన్నది. నేను గొంతు సవరించుకొని, ఏ ఏ కాగితాలు తీసికొనిపోవాలో వరుసగా చెప్పడం మొదలుపెట్టాను. రెండు చెప్పేసరికి, తలవంచుకొని, "చార్టు చూసిన సార్" అన్నది. "మా తమ్మునికి ఈ యేడు డిగ్రీ సీటు వచ్చింది. ఫోటో తీసి పంపిన. మా నాయిన వానితోని ఒక్కపారే పోయొచ్చిండు."

ఆమె టి.సి. మీద సంతకం చేయించి తెచ్చి ఇచ్చాను. జీవశాస్త్రం మాట ఆమె ఎత్తలేదు, ఎత్తవలసినవాణ్ణి నేను. "ఆనాడు అన్నీ ఒకేసారి చెప్పవలసిందమ్మా. తప్పు నాదే" అన్నాను. మా నాన్నకు రాని మాటలు నాకూ సులభంగా రాలేదు.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకొని, "మా నాయినకు చెప్త సార్" అన్నది.